శెనక్కాయల అప్పు

ఇంటి లోను దరఖాస్తులో ‘మీకున్న స్థిరాస్తులు’ అని ఒక గడి ఉంది. దాన్ని ఖాళీగా వదిలేయమన్నాడు నా భర్త. నేను వినలేదు. బెళుగుప్ప దగ్గర మా పల్లెలో నా పేరు మీద రెండెకరాల పది సెంట్ల మెరక చేను ఉంది. వాన పడితే శెనక్కాయలు, పడకపోతే పల్లేరు ముళ్ళు. అమ్ముదామన్నా కొనేవాడు దొరకడు. అయినా భూమి భూమే కదా, రాస్తే బ్యాంకువాళ్ళ కళ్ళల్లో మా విలువ కొంచెం పెరుగుతుందనుకున్నాను. నాయనకు చెప్పి పాసుపుస్తకం తెప్పించుకుని, జిరాక్సు తీయించి, దరఖాస్తు వెనక నా చేత్తోనే పిన్ను కొట్టాను.

అప్పుడు నేను ఉరవకొండలో సర్కారు బడి టీచరును. నా భర్త పెళ్ళిపత్రికలు, కరపత్రాలు అచ్చేసే చిన్న ప్రెస్సులో పని చేసేవాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో అయిదు ఇళ్ళు మారాం. ఇల్లు చూడడానికి పోయినప్పుడు టీచరమ్మ అంటే నవ్వుతూ తాళం తీసేవారు. సామాను దింపిన వారానికో, రెండు వారాలకో పక్కింటావిడ ఎవరో అడిగేది, మీరేమిటోళ్ళమ్మా అని. నేను అబద్ధం చెప్పలేదు, ప్రభువు బిడ్డలం అని చెప్పి ఊరుకోనూ లేదు. అడిగినదానికి జవాబు చెప్పేదాన్ని. ఆ తర్వాత కొళాయి దగ్గర మా బిందె జరిపేసేవారు. నెల తిరక్కుండా ఇంటి యజమాని తమ్ముడి కూతురికో, అన్న కొడుక్కో ఆ ఇల్లు అవసరం పడేది. అయిదో ఇంటాయన ఆ మాత్రం సాకు కూడా వెతకలేదు. “మీ పాటలు, ప్రార్థనలు మాకు పడవు టీచరమ్మా. ఎండాకాలం సెలవుల్లో ఖాళీ చేసేయండి” అన్నాడు. అప్పటికి పాపకు నాలుగేళ్ళు. ఇల్లు మారిన ప్రతిసారీ కొన్నాళ్ళు పక్క తడిపేది.

అందుకే సొంత ఇల్లు. పెద్దదేమీ కాదు. ఊరి చివర పరుపులు కుట్టే సాయిబు ఒకాయన రెండు గదుల మిద్దె అమ్ముతున్నాడని తెలిసి పోయాం. ఆయన దూది ముక్కలు అంటుకున్న చేతులు దులుపుకుని ఇల్లంతా చూపించాడు. మేమెవరమో అడగలేదు. ఒక్కటే అడిగాడు.

“దుడ్లు ఎప్పటికిస్తారు?”

“లోను పెట్టుకుంటాం అన్నా.”

“మూడు నెలలు. అంతకుమించి నాతో కాదు. ఇంట్లో ఆమెకు కడుపులో గడ్డ. బెంగుళూరు తీసకపొమ్మన్నారు.”

ధర రెండున్నర లక్షలు. నా గాజులు అమ్మిన డబ్బు, నా భర్త చీటీ పాడిన డబ్బు కలిపి నలభై వేలు బయానా ఇచ్చాం. తొంభై రోజుల్లో మిగతాది కట్టి రిజిస్ట్రేషను చేయించుకోకపోతే బయానా పోయినట్టే అని అగ్రిమెంటులో రాసుకున్నాం. సంతకం పెడుతూ నేను భయపడలేదు. నెలజీతం సర్కారుది, ఎవరికీ రూపాయి బాకీ లేదు. నా విశ్వాసం కూడా ఆ రోజుల్లో అంత గట్టిగా ఉండేది. పాపను ఎత్తుకుని ఆ రెండు గదుల్లో ఒక్కో గోడ మీద చెయ్యి పెట్టి స్తోత్రం చెప్పాను. సాయిబుగారి భార్య మంచం మీద నుంచి చూసి, “మంచిగ దువా చెయ్యమ్మా, నాకూ చెయ్యి” అంది. చేశాను.

బ్యాంకులో లోన్లు చూసే ఆఫీసరు కోస్తా నుంచి వచ్చిన కుర్రాడు. మర్యాదస్తుడు. దరఖాస్తు ఇచ్చిన పదో రోజున నన్ను పిలిపించి, పాసుపుస్తకం జిరాక్సు బల్ల మీద నా వైపు తిప్పాడు.

“ఈ ముద్ర ఏంటి మేడమ్?”

చూశాను. అంతకుముందు ఎన్నోసార్లు చూసిందే. మా పల్లె సహకార సొసైటీ గుండ్రటి ముద్ర, దాని పక్కన పంట రుణం పన్నెండు వేలు అని చేతిరాత.

“అది పాతదండీ. నేను ట్రైనింగులో ఉన్నప్పుడు మా నాయన తీసుకున్నారు. ఎప్పుడో కట్టేశారు.”

“కట్టేస్తే దీని పక్కనే ఇంకో ముద్ర వేస్తారు మేడమ్, రుణం తీరిందని. అది లేదు.” నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. “పెద్ద విషయం కాదు. సొసైటీ నుంచి బాకీ లేదని సర్టిఫికెట్ తెచ్చేయండి. అది లేకుండా అనంతపురం ఆఫీసుకి ఫైలు పంపలేను. పాత బాకీ ఉన్న మనిషికి కొత్త అప్పు ఎందుకిచ్చావని రేపు నన్నడుగుతారు.”

ఆ అప్పు నా పేరు మీద ఎందుకుందో చెప్పాలి. మా వైపు కరువు ఏడాదికేడాది వస్తుంది, అప్పు మాత్రం ఒకరి పేరు మీద ఒక్కసారే ఇస్తారు. నాయన పేరు మీద అప్పటికే ఒక బ్యాంకులో పాత బాకీ నిలిచిపోయింది. అందుకని ఊళ్ళో అందరూ చేసే పనే ఆయనా చేశాడు. చేను ముక్కలు చేసి ఒక ముక్క నా పేరు మీదకు ఎక్కించి, దాని మీద సొసైటీలో విత్తనాలకని అప్పు తీశాడు. నన్ను హాస్టలు నుంచి పిలిపించి, మూడు చోట్ల సంతకాలు పెట్టించి, బస్టాండులో ఉగ్గాని, బజ్జీ తినిపించి మళ్ళీ బస్సెక్కించాడు. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. ఆ ఏడు పంట బాగానే వచ్చింది. సొసైటీకి కట్టేసినానని నాయన అన్నాడు. అంతే నాకు తెలిసింది.

ఆ సాయంత్రమే పల్లెకు పోయాను. నాయన గొర్రెల దొడ్డికి కంప అడ్డం వేస్తున్నాడు.

“నాయనా, సొసైటీ దుడ్లు కట్టినావు కదా?”

“కట్టినా.” చేతిలో కంప వదల్లేదు.

“రసీదు యాడుండాది?”

కంప ముల్లు వేలికి దిగింది కాబోలు, నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత అన్నాడు, “మూటలో ఉండ్య.”

మూట అంటే ఏదో నాకు వేరే చెప్పనక్కర్లేదు. దాన్ని నిప్పుల్లో వేసింది నేనే.

మా ఇంట్లో ప్రభువును మొదట తెలుసుకున్నది నేను, హాస్టల్లో. సెలవులకు వచ్చినప్పుడల్లా నాయనకు, అమ్మకు వాక్యం చదివి వినిపించేదాన్ని. నాయనకు చదువు రాదు కానీ ఒకసారి విన్నది మరిచిపోడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ బాప్తిస్మానికి ఒప్పుకున్నారు. చెరువులో నీళ్ళు లేవు. ఒక రైతు బోరు దగ్గర సిమెంటు తొట్టి నింపించారు. మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. బాప్తిస్మానికి ముందురోజు, పాత బతుకుకు మనల్ని కట్టి ఉంచేవి ఇంట్లో ఏమున్నా తెచ్చి మందిరం ముందు మంటలో వేయాలి. తాయెత్తులు, జాతకం కాగితాలు, దిష్టి తాళ్ళు. విప్పి చూడకూడదు. విప్పి చూస్తే మనసు వెనక్కి లాగుతుందనేవారు మా పాస్టరు అయ్యగారు. మా ఇంట్లో అలాంటివన్నీ అటక మీద పసుపు గుడ్డ మూటలో ఉండేవి. తాత కాలంనాటి మూట. నాయన ముఖ్యమనుకున్న కాగితాలు కూడా అందులోనే దాచుకునేవాడు. నేను అటకెక్కి దాన్ని దింపి, విప్పకుండానే మంటలో పడేశాను. నాయన పక్కనే నిలబడి ఉన్నాడు, ఏమీ అనలేదు. అందరం పాట పాడాం.

కాబట్టి రసీదు నేను కాల్చేశాను. ఆ గొర్రెల దొడ్డి పక్కన నిలబడి నాకు అర్థమైంది ఇదే.

సొసైటీ సెక్రెటరీ నా ఈడువాడే, కొత్తగా వచ్చినవాడు. బీరువా తెరిచి అట్టల మధ్య నుంచి ఒక పుస్తకం తీసి చూపించాడు. అప్పుకు తాకట్టుగా పెట్టుకున్న నా భూమి టైటిల్ డీడు. అందులో నా ఫోటో, రెండు జడలతో.

“అప్పు కట్టింటే ఇది నీ ఇంట్లో ఉండల్ల కదమ్మా, మా బీరువాలో యాల ఉంటుంది?”

దీనికీ నాయన దగ్గర జవాబు ఉంది. కట్టిన రోజు పాత సెక్రెటరీ లేడని, గుమాస్తా దుడ్లు తీసుకుని డీడు తర్వాత ఇస్తామన్నాడని, తర్వాత తనే పోలేదని. ఆ పాత సెక్రెటరీ మీద ఊళ్ళో నలుగురు నాలుగు మాటలు అనేవారు, కట్టిన డబ్బులు పుస్తకంలో ఎక్కించేవాడు కాదని. ఆయన చనిపోయి మూడేళ్ళయింది. నాకు నమ్మడానికి అంతకంటే ఏం కావాలి? వడ్డీ, దాని మీద అపరాధ వడ్డీ కలిపి ఇరవై ఎనిమిది వేల నాలుగు వందలని కాగితం ముక్క మీద రాసిచ్చాడు కొత్త సెక్రెటరీ. మా దగ్గర రిజిస్ట్రేషను ఖర్చులకని దాచిన ఇరవై రెండు వేలు ఉన్నాయి. అవి తీస్తే రిజిస్ట్రేషను లేదు. తీయకపోతే లోను లేదు. అయినా కట్టిన అప్పు మళ్ళీ ఎందుకు కట్టాలి అనే పట్టుదల ఒకటి.

ఆదివారం మా పల్లె మందిరంలో సాక్ష్యాలు చెప్పే వేళ లేచి నిలబడ్డాను. ప్రభువు కోసం మంట వేసినప్పుడు మా అప్పు రసీదు అందులో కాలిపోయిందని, ఇప్పుడు సొసైటీవాళ్ళు నమ్మడం లేదని, నా బిడ్డకు నిలవనీడ లేకుండా పోతుందని ఏడుస్తూ చెప్పాను. ఆడవాళ్ళు చాలామంది నాతో ఏడ్చారు. అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టి, “నీవు ఆయన కోసం పోగొట్టుకున్నావు బిడ్డా. ఆయనే సాక్షిగా నిలబడతాడు” అన్నారు. మూడు శుక్రవారాలు సంఘమంతా నా కోసం ఉపవాస ప్రార్థన పెట్టింది. కూలికి పోయేవాళ్ళు, మూడు పూటలా తినడమే అరుదైనవాళ్ళు, నా ఇంటి లోను కోసం పస్తు పడుకున్నారు.

నాయన ఆ మూడు శుక్రవారాలూ రాలేదు. గొర్రెలకు రోగం అని కబురు పంపాడు.

రెండో శుక్రవారం తర్వాత ఇద్దరు సంఘ పెద్దలు నాతోపాటు సొసైటీకి వచ్చారు. మూట కాలడం కళ్ళారా చూశామని, దేవుని ఎదుట ప్రమాణం చేసి చెబుతామన్నారు. సెక్రెటరీ వాళ్ళను కుర్చీల్లో కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

“మూట కాలింటుంది పెద్దాయనా, నేను లేదనల్యా. మూటలో ఏముండ్యో మీరు సూసినారా?”

పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “విప్పి సూడకూడదు కదప్పా” అన్నాడొకాయన.

“అదే నేనూ జెప్పేది.”

బయటికి వచ్చాక ఆ పెద్దాయన సెక్రెటరీకి దేవుడు గుణపాఠం చెబుతాడన్నాడు. నేను ఆమేన్ అన్నాను. ఆ ఆమేన్ ఇప్పటికీ నా గొంతులో ఉంది.

అగ్రిమెంటు రాసుకుని అప్పటికి అరవై అయిదు రోజులు. బడిలో పిల్లలకు ఎక్కాలు చెబుతూ మధ్యలో మరిచిపోయేదాన్ని. నా భర్త నన్ను ఒక్క మాట అనలేదు కానీ, అన్నం తింటూ గోడ వైపు చూసేవాడు. ఇంటాయన రోజూ పొద్దున్నే వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, “యాడన్నా దొరికిందా?” అని అడిగేవాడు. మోకరిస్తే మాటలు వచ్చేవి కావు. ప్రభువా, ప్రభువా అని ఒక్కటే. ఒకరోజు ఆ మాట కూడా రాక, చాప మీద నుదురు ఆనించి ఊరికే ఉండిపోయాను. పాప వచ్చి నా వీపు మీద ఎక్కి ఆడుకుంది.

మూడో ఉపవాసం మర్నాడు, శనివారం పొద్దున ఎనిమిది గంటలకు నాయన వచ్చాడు. బస్సు దిగి నడిచొచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. అరుగు మీద కూర్చుని తువ్వాలు విప్పి మళ్ళీ మడత పెట్టాడు.

“ఆరు గొర్రెలు అమ్మినా. ఆరువేల ఐదునూర్లు. ఇంద.”

“ఎందుకు నాయనా? దేవుడు దారి చూపిస్తాడు. మనం కట్టిన దుడ్లు మళ్ళా—”

“కట్టల్యా మ్మే.”

నేను వినపడనట్టే నిలబడ్డాను.

“కట్టల్యా. మూటలో రసీదు ల్యాదు, ఏమీ ల్యాదు. తాయెత్తులుండ్య, తాత జాతకముండ్య. అంతే.”

“మరి పంట దుడ్లు?”

“రేకులకిచ్చినా.”

అప్పుడు గుర్తొచ్చింది. బాప్తిస్మం పుచ్చుకున్న ఆదివారం. మందిరానికి అప్పటికి బోదగడ్డి కప్పే. రేకుల పైకప్పు కోసం ప్రత్యేక కానుక ఎత్తారు. ఇరవైలు, యాభైలు పడుతున్న జోలెలో నాయన పంచె కొంగు ముడి విప్పి నోట్ల కట్ట పెట్టాడు. పన్నెండు వేలు. మా పల్లెలో అంత కానుక అంతకుముందు ఎవరూ ఇవ్వలేదు. అయ్యగారు చేతులు పైకెత్తి స్తోత్రం చెప్పారు. నేను లేచి నిలబడి, మా నాయన హృదయాన్ని ప్రభువు ముట్టాడని సాక్ష్యం చెప్పాను. అవి ఎక్కడివని అడగలేదు. పంట బాగా వచ్చింది కదా, దాంట్లో మిగిలినవేమో అనుకున్నాను.

“ఆ మాసమే సొసైటీకి కట్టల్ల. కొంగున కట్టుకునే తిరుగుతాంటి. ఆ పొద్దు ఏమయిందో తెలీదు. నువ్వు ముందర కూచ్చోని నన్నే సూస్తాంటివి. దేవునికి ఇచ్చేద్దాం, వచ్చే పంటకు సర్కారుది కడదాం అనుకుంటి. వచ్చే పంట యాడొచ్చె?” నాయన తువ్వాలు ముఖానికి పెట్టుకున్నాడు. “నోటీసులొచ్చినాయి. అందురికీ వస్తాండ్య, నాకూ వస్తాండ్య. నువ్వు అడిగితే కట్టినా అంటి. మొన్న నువ్వు రసీదు అంటే నోటికి మూట వచ్చె. నువ్వు దాన్ని పట్టుకోని మందిరం దాకా పోతావని నాకేం తెలుసు?”

ఆదివారం బడిలో నేను పిల్లలకు చెప్పే పాఠమే ఒకటుంది. తల్లిదండ్రులకు చెల్లాల్సింది దేవునికి అర్పితమైపోయిందని చెప్పి తప్పించుకునేవాళ్ళను ప్రభువు ఎంత గట్టిగా గద్దించాడో. అలా ఇచ్చింది ఆయనకు కానుక కాదని ఎన్నోసార్లు చెప్పాను. నాయనకు కూడా చెప్పాను. మా ఇంట్లో జరిగిందీ అదేనని అంతవరకు నాకు తెలియదు. ఆయనను తిట్టాలని నోరు తెరిచాను. ఆయనకు ఆ దేవుణ్ణి చూపించింది నేను. కానుక సంతోషంగా ఇవ్వాలని నేర్పింది నేను. నోరు మూసుకున్నాను. క్షమించలేదు. ఆ రోజు క్షమించానని రాస్తే అబద్ధం.

మర్నాడు మందిరంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలని అయ్యగారిని ముందుగా కలిశాను. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. “ఇది నాకు చెప్పావు, చాలు బిడ్డా. సంఘానికి ఎందుకు?” అన్నారు. ఆయన కష్టం నాకు అర్థమైంది. పెద్దలు ప్రమాణానికి సిద్ధపడ్డారు, ఊళ్ళో చాటారు. కానీ కూలిజనం నా కోసం మూడు రోజులు ఆకలితో ఉన్నారు. వాళ్ళకు అబద్ధం మిగిల్చి నేను ఇంట్లో ఎలా దూరతాను?

నిలబడి చెప్పాను. ఎక్కువ మాటలు రాలేదు. మా నాయన కట్టలేదు, రసీదు లేదు, నేను తెలియక మీతో అబద్ధ సాక్ష్యం చెప్పాను, మన్నించండి. ఆ డబ్బు ఎక్కడికి పోయిందో చెప్పకూడదనుకున్నాను. ఎవరో అడిగారు, చెప్పాల్సి వచ్చింది.

అందరూ పైకి చూశారు. తర్వాత నాయనకు వరసకు పెద్దమ్మ అయ్యే ఒక ముసలామె, నోట్లో ఆకు ఉండగానే, “ఇప్పుడేం, రేకులు ఊడబెరుక్కొని పోతావా మ్మే?” అంది.

“లేదు పెద్దవ్వా.”

“మరి యాల జెప్పినట్ట? తిన్నన్నం అరక్కనా?” కొందరు నవ్వారు. ఆమె నవ్వలేదు. “మూడు పస్తులుంటి నీ కోసరం. సుగరు మనిషిని.”

అది నాకు పడిన శిక్షల్లో గట్టిది. మోకాళ్ళ మీద ఆమె దగ్గరకు పోయి కాళ్ళు పట్టుకున్నాను. ఆమె కాళ్ళు లాక్కుంది.

సోమవారం సెలవు పెట్టి సొసైటీలో డబ్బు కట్టాను, రిజిస్ట్రేషనుకు దాచినవి, గొర్రెలవి కలిపి. సెక్రెటరీ లెక్కపెట్టుకుని, ముద్ర వేసి, బాకీ లేదని సర్టిఫికెట్ రాసిచ్చాడు. మొన్న నేను శపించిన మనిషి. నేను క్షమాపణ అడిగితే, “నన్నేమంటివమ్మా నువ్వు?” అన్నాడు. వాడికి తెలియదు. సర్టిఫికెట్ రెండు చేతులా పట్టుకుని మధ్యాహ్నం బ్యాంకుకు పోయాను. ఆఫీసరు సంతోషించాడు.

“ఇక ఇబ్బంది లేదు మేడమ్. ఫైలు రేపే అనంతపురం పంపిస్తాను. లాయరు చూడాలి, ఇంజనీరు వచ్చి ఇల్లు చూడాలి. ఇరవై అయిదు రోజులు, మహా అయితే నెల.”

“పదిహేడు రోజులే ఉన్నాయండీ.”

ఆయన క్యాలెండరు వైపు చూశాడు. నేనూ చూశాను. ఇద్దరం చూస్తే రోజులు పెరుగుతాయా? నెల ముందు ఇదే కాగితం తెచ్చి ఉంటే అన్నాడు. ఆ నెల నేను దేవుణ్ణి సాక్షిగా పిలుస్తూ గడిపాను.

అక్కడి నుంచి నేరుగా సాయిబుగారింటికి పోయాం, నేను, నా భర్త. ఇంకో పదిహేను రోజులు గడువు ఇమ్మని అడిగాం. ఆయన పరుపులో దూది కూరుతూ విన్నాడు.

“నాకియ్యల్లనే ఉండాది టీచరమ్మా. ఆ యమ్మ కడుపులో గడ్డ గడువిస్తుందా? ఎవురో వ్యాపారస్తుడు మొత్తం రొక్కం ఇస్తానంటాండాడు. గడువు దాటిన మర్సనాడు ఆయనకి రాసిస్తా. అంతవరకు మీకోసం ఆగుతా, మాట తప్పను.”

“మా బయానా అన్నా?” అన్నాడు నా భర్త.

సాయిబు దబ్బనం పక్కన పెట్టాడు. “కాగితం ప్రకారం పోతుంది. కాగితం వదిలేయప్పా, ఉంటే ఇచ్చేసేటోన్నే. మీ దుడ్లే మొన్న బెంగుళూరు ఆస్పత్రిలో కట్టినా. దాంతోనే ఆపరేషనుకు మంచం రాసిపెట్టినారు.”

లోపలి గదిలో ఆమె దగ్గు వినిపించింది. నా గాజులు ఆ గదిలో ఊపిరి పీలుస్తున్నాయి. ఆయన్ను ఏమని శపించను? నాకు శపించడం ఇంక చేతకాలేదు.

ఆ పదిహేడు రోజులూ బ్యాంకుకు తిరిగాను. ప్రెస్సు యజమానిని, తోటి టీచర్లను, వడ్డీకిచ్చేవాళ్ళను అడిగాం. రెండు లక్షలు ఎవరిస్తారు? పద్దెనిమిదో రోజున సాయిబు ఇల్లు వ్యాపారస్తుడి పేరున రిజిస్టరయింది. బ్యాంకు నుంచి లోను మంజూరైందన్న ఉత్తరం ఆ తర్వాత పదకొండో రోజు వచ్చింది. ఫలానా చిరునామాలో ఉన్న ఇంటికి మాత్రమే వర్తిస్తుందని అందులో ఉంది. ఇంకో ఇల్లు చూసుకోండి, ఫైలు తిరగరాద్దాం అన్నాడు ఆఫీసరు. బయానాకు మళ్ళీ నలభై వేలు ఎక్కడివి? అప్పటికే ఆ వైపు సెంటు ధరలు పెరగడం మొదలైంది. మేము ఆరో అద్దె ఇంటికి మారాం, తర్వాత ఏడో ఇంటికి.

రెండేళ్ళకు పంట రుణాలు మాఫీ అన్నారు. మా పల్లెలో ఎగ్గొట్టినవాళ్ళందరి టైటిల్ డీడులు ఊరికే చేతికొచ్చాయి. “కట్టినోడే ఎర్రోడప్పా” అని నాయనను రచ్చబండ దగ్గర ఏడిపించారట. ఆయన ఏమన్నాడో అమ్మ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం తినలేదని మాత్రం చెప్పింది.

మేము ఆదివారాలు పల్లెకే పోయేవాళ్ళం. నాయన వచ్చేవాడు కానీ మందిరం లోపలికి రాడు. బయట, తలుపుకు కొంచెం పక్కగా, చదును చేసిన నేల మీద కూర్చునేవాడు. అక్కడ నీడ లేదు. అయ్యగారు పిలిచి చూశారు, పెద్దలు పిలిచారు. ఆ పెద్దవ్వ కూడా, “రేకులు నీవే కదరా, వచ్చి కూచ్చో” అని కేకేసింది. రాలేదు. నేను మాత్రం పిలవలేదు. ముందు వరసలో నా చాప మీద కూర్చుని, ఆయన లేనట్టే పాటలు పాడేదాన్ని. పైన రేకులు ఎండకు టిక్కుటిక్కుమనేవి.

మాఫీ వచ్చిన ఆ ఎండాకాలం, ఒక ఆదివారం, వాక్యం చదవడం మొదలైంది. ఏ భాగమో నాకు గుర్తు లేదు. లేచి బయటికి పోయాను. నాయన తల మీద తువ్వాలు వేసుకుని కళ్ళు మూసుకుని వింటున్నాడు. పక్కన కూర్చున్నాను. నేల కాలుతోంది.

“యాల వచ్చినావు? ఎండ సూడు. లోపలికి పో” అన్నాడు.

“నీవు రా.”

“నాకు ఆడ ఊపిరాడదు మ్మే.”

“నాకూ ఆడటం లేదు నాయనా.”

ఆయన నా వైపు చూశాడు. రెండేళ్ళలో నేను ఆయనతో మాట్లాడడం అదే మొదటిసారి అని అప్పుడు తెలిసింది నాకు. తువ్వాలు తీసి సగం నా తల మీద వేశాడు. లోపల వాక్యం అయిపోయి ప్రార్థన మొదలైంది. ఇద్దరం కళ్ళు మూసుకున్నాం. ఇల్లు ఇమ్మని అడగలేదు నేను. ఏమడగాలో తెలియలేదు. తువ్వాలులో గొర్రెల వాసన వచ్చింది.